తప్పునాదయ్య ఎలుక

మా ఆయన్ని మ్యూజియంలో అందరూ తప్పునాదయ్య అంటారు. అసలు పేరు జీతమిచ్చేవాళ్ళకీ నాకూ తప్ప ఎవరికీ గుర్తున్నట్టు లేదు. ఆ పేరు పెట్టింది గేటు దగ్గర కాపలా ఉండే మనిషి. ఒకరోజు గాలివానకి అతని గొడుగు తిరగబడితే, పక్కనే నడుస్తున్న మా ఆయన "అయ్యో, తప్పు నాదే" అన్నారట. గాలికీ ఈయనకీ ఏం సంబంధమో ఆ గాలికే తెలియాలి.

బస్సులో ఎవరైనా ఈయన కాలు తొక్కితే ఈయనే క్షమించమంటారు. పాలు పొంగినా, పక్కింట్లో కరెంటు పోయినా, మెట్ల మీద ఎవరి పిల్లో జారిపడి ఏడ్చినా ఈయన మొహం దొంగ మొహమైపోతుంది. పెళ్ళైన కొత్తలో ఇదంతా మంచితనం అనుకుని మురిసిపోయాను. రానురాను ఒళ్ళు మండేది. "లోకంలో తప్పులన్నీ మీరే గుత్తకి తీసుకున్నారా?" అని అరిస్తే, "నిన్ను విసిగించాను, తప్పు నాదే" అనేవారు. ఇలాంటి మనిషితో ఎవరు మాత్రం ఏం పోట్లాడతారు!

ఆయన పని చచ్చిన జంతువులతో. మ్యూజియం వెనక వరండా చివర రెండు గదులు ఆయనవి. ఒక గదిలో చర్మాలు ఒలిచి, లోపల దూది కూరి, పొట్ట కింద కుట్టేసి, బల్ల మీద వరసగా బోర్లా పడుకోబెడతారు. రెండోది పురుగుల గది. మూతలున్న గాజు పెట్టెలు, వెచ్చదనానికి ఒక బల్బు, లోపల వేలకి వేలు చిన్న నల్ల పురుగులు. వంటింట్లో కనిపిస్తే మనం చీపురు తీసుకునే రకం. ఈయన వాటిని మేపుతారు. మాంసం అంటుకున్న పుర్రెని పెట్టెలో పెడితే, అవి సందుసందుల్లోకీ దూరి తినేసి, ఎముకని తెల్లగా, ఒక్క పన్ను కూడా కదలకుండా అప్పగిస్తాయి. చాకు పెట్టి గీకితే అంత శుభ్రంగా రాదట. ఆ గది వాసన ఆయన చొక్కాతోపాటే ఇంటికి వచ్చేది. నేను ఇంట్లో బట్టలు కుడతాను. జనం కొత్త బట్టలు తెచ్చిచ్చే ఇల్లు కదా, స్నానం చేస్తే గానీ ఆయన్ని ముందు గదిలోకి రానిచ్చేదాన్ని కాదు.

నాకు తెలిసిన జంతుశాస్త్రమంతా భోజనాల దగ్గర విన్నదే. "క్షీరదాలంటే ఏంటండీ?" అని ఒకసారి అడిగాను.

"పిల్లలకి పాలిచ్చేవి. ఒంటిమీద వెంట్రుకలుండేవి. నువ్వూ నేనూ కూడా."

"మీరెప్పుడిచ్చారు పాలు?"

"తప్పు నాదే," అని తల వంచుకుని తినేశారు. ఆరోజు నాకు పొలమారింది.

తరగతి, దాని కింద క్రమాలు, క్రమం కింద కుటుంబాలు, కుటుంబం కింద ప్రజాతులు, అట్టడుగున జాతి. ప్రతి జంతువుకీ రెండు మాటల పేరు. ముందుది ప్రజాతి, వెనకది జాతి. అంటే మన ఇంటిపేరూ పేరూ లాగే అన్నమాట. పోలికలు చూసి చుట్టరికం కలపడానికి లేదట. ఎడారిలో పొడుగు చెవులేసుకుని ఒళ్ళంతా ముళ్ళతో తిరిగే చిన్న జీవి ఒకటుంది. ముళ్ళపందికి తమ్ముడనుకుంటాం. కాదు, దాని చుట్టం పొడుగు మూతి చుంచు. రాళ్ళ సందుల్లో కుందేలంత జంతువు ఒకటుంది, దాని దగ్గరి బంధువు ఏనుగు! ఒంటె, పంది, తిమింగలం ఒకే క్రమం. "ఇదేం బాదరాయణ సంబంధమండీ!" అంటే, "పుర్రెలు, పళ్ళు, ఎముకలు చూస్తే తెలుస్తుంది. నాకు రాదు గానీ డాక్టరమ్మకి తెలుసు" అనేవారు.

అందుకే ప్రతి జంతువునీ రెండుగా దాస్తారు. దూది కూరిన చర్మం ఒక సొరుగులో, పుర్రె చిన్న డబ్బాలో. రెండింటికీ ఒకటే నంబరు. ఆ నంబరు కొట్టిన రేకు బిళ్ళలు కట్టడం ఈయన పని. బిళ్ళ ఊడిందా, చర్మానికి పుర్రె లేదు, పుర్రెకి చర్మం లేదు. అంత పెద్ద మ్యూజియంలో అంత పెద్ద చదువులన్నీ ఈయన వేసే ముడి మీద నడుస్తాయి. ఈ మాట నేనంటే ఆయనకి కంగారు. ఇంట్లో అయినా అలా అనకూడదనేవారు.

డాక్టరమ్మ అంటే సూదిమందు డాక్టరు కాదు, చదువు డాక్టరు. ముప్పై దాటని పిల్ల. ఎడారి జంతువులే ఆమె లోకం. ఎండకి మొహం మాడ్చుకుని, పెట్టెల నిండా ఎలుకలూ గబ్బిలాలూ వేసుకుని వచ్చి, "బాబాయ్, ఇవి నీ చేతిలో పెడుతున్నా" అని ఈయన బల్ల మీద దింపేది. మా ఇంటికి వస్తే నన్ను పిన్నీ అనేది. కుట్టు మిషను దగ్గర కింద చతికిలబడి, రాలిన గుడ్డముక్కలు రంగుల వారీగా సర్దుతూ కబుర్లు చెప్పేది. ఊరుకోలేదు, ఏది కనిపిస్తే అది వర్గాలుగా పెట్టేయాలి దానికి. మాకు పిల్లల్లేరు. ఎవరూ పైకి అనలేదు గానీ, ఆ పిల్ల వచ్చిన రోజు ఇల్లు ఇల్లులా ఉండేది.

ఇక జరిగింది చెబుతాను.

ఆ విడత ఎడారి నుంచి వచ్చిన వాటిలో రెండు ఎలుకలున్నాయి. ఒకటి ఇసుక దిబ్బల్లో దొరికిన తల్లి ఎలుక. చర్మం ఒలిచింది ఈయనే, పిల్లలకి పాలిస్తున్న తల్లి అని చనుమొనలు చూసి అయ్యో అనుకున్నది కూడా ఈయనే. రెండోది రాళ్ళ గుట్టల్లో పట్టిన పెద్ద రకం ఎలుక, కాకపోతే ఇంకా పిల్లది. జాతులు వేరు. అయినా పెద్దజాతి పిల్లా, చిన్నజాతి తల్లీ తలలు ఒకే సైజు. ఇలాంటి జంటని ఒకే పురుగుల పెట్టెలో పెట్టకూడదని ఆ గదిలో మొదటి నియమం. పెట్టింది ఈయనే, గోడకి రాసి అంటించింది కూడా ఈయనే.

ఆ సాయంత్రం మిగతా పెట్టెలన్నీ నిండుగా ఉన్నాయి. బిళ్ళలు కట్టే సన్న తీగ అయిపోయింది. స్టోరు మనిషి తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. ఇటు మా తమ్ముడు కొత్తింట్లోకి మారి భోజనానికి రమ్మన్నాడు. నేను తయారై కూర్చుని ఫోను మీద ఫోను. "ఇంకా ఆ పుర్రెలేనా? వాడు అలిగాడంటే మీరే బతిమాలుకోవాలి!" అన్నాను. ఈయన సంచిలో నా కోసం కొన్న నూలు దారం రీలు ఉంది. దాంతో బిళ్ళలు కట్టేసి, రెండు తలలూ ఒకే పెట్టెలో చెరో మూలా పెట్టి పరుగెత్తుకొచ్చారు.

మాంసం రసం పీల్చిన దారం పురుగులకి మాంసంతో సమానం. మూత తీసేసరికి పుర్రెలు రెండూ తళతళలాడుతున్నాయి. రెండు బిళ్ళలూ పెట్టె అడుగున, పొట్టులో దొర్లుతున్నాయి. దారం పోగు కూడా మిగల్లేదు. పురుగులు మేస్తూ మేస్తూ పుర్రెల్నీ మధ్యకి జరిపేశాయి.

ఈయన పుర్రెలు అటూ ఇటూ తిప్పి చూశారు. కుడివైపు బిళ్ళ కుడివైపు పుర్రెదే అయ్యుంటుందని మనసుకి నచ్చజెప్పుకుని, కొత్త తీగతో కట్టేశారు. ఎవరికీ చెప్పలేదు. గొడుగు తిరగబడితే తప్పు నాదే అన్న మనిషి, చేతులారా తప్పు చేసిన రోజున పెదవి విప్పలేదు. ఇదంతా నాకు చాలా నెలల తర్వాత తెలిసింది. అప్పట్లో నేను గమనించిందల్లా, ఆ వారం ఆయన నన్ను ఒక్కసారి కూడా క్షమించమని అడగలేదని. పోనీలే, బాగుపడుతున్నారు అనుకున్నాను.

వేసవి చివర్లో డాక్టరమ్మ మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోంచే "పిన్నీ, కూర్చో ముందు!" అంది. ఆయన్ని కూడా కుర్చీలో కూర్చోబెట్టింది. ఎడారి నుంచి తెచ్చిన తల్లి ఎలుక ఇంతవరకూ ఎవరూ పేరు పెట్టని కొత్త జాతి అట. చర్మం చూస్తే దిబ్బల ఎలుకే, పుర్రె మాత్రం ఆ తీరుది కాదు. దిబ్బల్లో తిరిగే ఎలుకలకి చెవి వెనక ఎముక బుడగలా ఉబ్బి ఉంటుంది, ఎంత చిన్న చప్పుడైనా వినడానికి. దీనికి ఆ ఉబ్బు తక్కువ, పళ్ళ తీరు కూడా వేరు. అలాంటి చర్మమూ అలాంటి పుర్రే ఒకే జంతువుకి ఉండటం లోకంలో ఇదే మొదలు.

"దానికి బాబాయ్ పేరు పెడుతున్నా," అంది.

ఈయన పేరుకి చివర ఒక అక్షరం తగిలిస్తే లాటిను మాట అయిపోతుందట. ఇక ప్రపంచం ఉన్నన్నాళ్ళూ ఏ దేశంలో ఎవరు ఆ ఎలుక గురించి రాసినా ఈయన పేరు రాయాల్సిందే. ఆ మాటతో నేను ఏడ్చేశాను. "అయితే ఎలుక ఇంటిపేరుతో మా ఆయన పేరు!" అని మళ్ళీ నవ్వేశాను. ఆ పిల్ల నన్ను వాటేసుకుంది. ఈయన చేతిలో గ్లాసు జారి నీళ్ళన్నీ ఒళ్ళో పడ్డాయి. సంతోషం పట్టలేక అనుకున్నాం ఇద్దరం.

"ఇంకో సంగతి పిన్నీ. ఈసారి ఎడారికి పెద్ద బృందం వెళ్తోంది. కొత్త జాతి తేలిందంటే ఆ బృందం నాకే అప్పగిస్తానన్నారు డైరెక్టరు గారు. చిన్నప్పట్నుంచీ నా కల ఇది." అలా అంటున్నప్పుడు దాని కళ్ళు చూడాలి.

మర్నాటికి వీధి వీధంతా తెలిసింది. తెలియక చస్తుందా, నేనున్నాక! కొలతలకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పాను. ఈయనేమో నాలుగు మెతుకులు కెలికి లేచిపోతున్నారు. ఒక మధ్యాహ్నం మిషను పక్కన వచ్చి నిలబడి, "ఆ ఎలుక లేదు" అన్నారు.

"ఎక్కడికి పోయింది?"

"ఎక్కడా లేదు. అలాంటిది పుట్టనేలేదు." అని కూర్చుని మొత్తం చెప్పారు. దారం, పెట్టె, బిళ్ళలు. "తల్లి చర్మానికి వేరేదాని పుర్రె కట్టాను. అది ఎలుక కాదు, నా తప్పు. నా తప్పుకే నా పేరు పెడుతోంది ఆ పిచ్చిపిల్ల."

నాకు కోపం తన్నుకొచ్చింది. పై బట్ట ఒకరిదీ లైనింగు ఒకరిదీ కలిపి కుట్టినందుకు నేనే ఎవరి చేతనో చివాట్లు తిన్నదాన్ని, నాకు తెలియదా ఎలా జరుగుతుందో! జరగడం వేరు, దాచడం వేరు. "ఆ పిల్ల రాసేది ఇంకా అచ్చవలేదు కదా? రేపే వెళ్ళి చెప్పేయండి. నీళ్ళు నమలకుండా చెప్పండి," అన్నాను.

వెళ్ళారు. సాయంత్రం తిరిగొచ్చిన మనిషి మొహం తేటగా ఉంది. "చెప్పేశాను. నవ్వేసింది," అన్నారు. "ఊరుకో బాబాయ్, వానొచ్చినా నీదే తప్పంటావు, నీ ముడి మీద నాకు నమ్మకం ఉంది అంది."

హమ్మయ్య అనుకున్నాను. వడ్డిస్తూ ఎందుకో అడిగాను, "ఇంతకీ ఎలా చెప్పారు?"

ఆయన నోటి దగ్గర చెయ్యి ఆగిపోయింది. చెప్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆమె గదిలోకి వెళ్ళగానే, అడ్డొచ్చినందుకు తప్పు నాదే అన్నారట. కిటికీ తలుపు కొట్టుకుంటుంటే తప్పు నాదే అన్నారట. ఆమె తుమ్మితే తప్పు నాదే. ఆ వరసలోనే, "ఆ పుర్రె కూడా మార్చేసి ఉంటాను, తప్పు నాదే" అన్నారట. నవ్వక ఏం చేస్తుంది ఎవరైనా!

"కావాలనే అలా చెప్పారా?"

"నమ్మకపోతే బావుండునని చెప్పాను," అన్నారు. "చెప్పానన్న తృప్తి నాకు మిగలాలి, ఆ పిల్ల కల దానికి మిగలాలి. ముప్పై ఏళ్ళు తేరగా వాడుకున్న మాట కదా, ఇవాళ దాని చాటున దాక్కున్నాను."

మామూలుగా అయితే నాలుగు దులిపేదాన్ని. ఆరోజు ఆయన కంచంలో ఇంకో గరిటె కూర వేశాను. కట్టుకున్నవాణ్ణి అంత చిన్నగా అంతకు ముందెప్పుడూ చూడలేదు నేను.

తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. ఆమె వ్యాసం ముగిస్తోందనీ, డైరెక్టరు అందరి ముందూ మెచ్చుకున్నారనీ తెలిసేది. తెలిసిన ప్రతిసారీ ఈయన ఇంకాస్త కుంగిపోయేవారు. ఎవరైనా దారిలో ఆపి "మీ ఎలుక ఎలా ఉందండీ?" అంటే పక్క సందులోకి తిరిగిపోయేవారు. చివరికి నేనే ఉండబట్టలేక అడిగాను, "నోటిమాట నమ్మకపోతే పోయింది, ఆ రెండూ ఒకటి కాదని చూపించే దారే లేదా?"

"ఉంది," అన్నారు, తల వంచుకుని. "చర్మం పాలిచ్చిన తల్లిది. పుర్రె పిల్లది. వెనక పన్ను ఇంకా సగమే మొలిచింది. ఆరోజు కంగారులో నేను పళ్ళు చూడలేదు గానీ, పక్కపక్కన పెడితే ఎవరికైనా కనిపిస్తుంది."

"అయితే ఇంకా కూర్చున్నారేం?"

ఈసారి నేను చొక్కా ఇస్త్రీ చేసి మరీ పంపాను. చర్మం, పుర్రె ఒకే పళ్ళెంలో పెట్టి ఆమె బల్ల మీద భూతద్దం కింద ఉంచారట. ఒక్క క్షమాపణా చెప్పకుండా, దారం సంగతి మొదట్నుంచీ చివరిదాకా చెప్పారట. ఆమె నవ్వలేదు. భూతద్దంలోకి అట్టే చూడను కూడా చూడలేదు. "ఇక్కడ పెట్టి వెళ్ళు బాబాయ్," అందట, అంతే.

వ్యాసం ఆగిపోయింది. ఆ వారమే డైరెక్టరు అందరినీ పెద్ద హాల్లోకి పిలిచారు. కొత్త జాతి లేదనీ, నంబర్లు తారుమారయ్యాయనీ చెప్పి, ఇలాంటిది మ్యూజియం పరువు తీసేదని మండిపడి, ఎవరి పొరపాటని అడిగారట. డాక్టరమ్మ లేచి నిలబడి, "నాదే సార్. పుర్రెలు చూస్తూ నేనే బిళ్ళలు మార్చేశాను" అంది. ఎడారి బృందం వేరే ఆయనకి అప్పగిస్తున్నట్టు డైరెక్టరు అక్కడికక్కడే చెప్పేశారు.

అప్పుడు మా ఆయన లేచారు. "తప్పు నాది" అన్నారు.

హాలు ఘొల్లుమంది. గేటు మనిషి కూడా గుమ్మంలోంచి నవ్వాడట. ఆయన గొంతు పెంచి మళ్ళీ అన్నారు, "నిజంగానే నాది! పెట్టెలో నేనే రెండూ కలిపి పెట్టాను!" ఇంకా నవ్వారు. అంత కోపంలో ఉన్న డైరెక్టరు గారు సైతం చిరునవ్వుతో, "మీరు కూర్చోండి. మీ మంచితనం అందరికీ తెలిసిందే" అన్నారు. పక్కనున్నవాళ్ళు ప్రేమగా చెయ్యి పట్టుకు లాగి కూర్చోబెట్టారు. ఆ పిల్ల మాత్రం నవ్వలేదట, ఇటు తిరిగి చూడనూ లేదట.

ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారు. "నన్ను తిట్టమను ఎవరినైనా," అన్నారు. "ఎవరూ తిట్టరేమే! ఒక్కళ్ళయినా తిట్టాలి కదా. దాని నోటి దగ్గర కూడు లాగేశాను, నన్ను చూసి నవ్వుతున్నారు." తలగడలో మొహం దాచుకుని పిల్లాడిలా ఏడ్చారు. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. మన అనుకున్న మనిషి ఏడుస్తుంటే చేసేందుకు ఏమీ లేకపోవడమంత నరకం ఇంకోటి లేదు.

మర్నాడు కుట్టాల్సినవన్నీ పక్కన పడేసి మ్యూజియానికి వెళ్ళాను. డాక్టరమ్మ తన గదిలో సొరుగులు సర్దుతోంది. కిటికీ పక్కన ఆ రెండు ఎలుకలూ, ఈసారి ఏ చర్మం పక్కన దాని పుర్రె. రెండూ అందరికీ తెలిసిన మామూలు ఎలుకలే. నన్ను చూసి "రా పిన్నీ" అంది, గొంతులో జీవం లేదు.

"నువ్వెందుకమ్మా మీద వేసుకున్నావు? ఆయన చెప్పింది నిజమే. ప్రతిదానికీ అంటారు నిజమే గానీ, ఈసారి మాత్రం నిజం. డైరెక్టరు గారికి నువ్వు చెబితే నమ్ముతారు. పద, నేనూ వస్తాను."

"నిజమని నాకు తెలుసు."

"పళ్ళెం తెచ్చి చూపించాక కదా. అప్పటికైనా..."

"కాదు పిన్నీ. మొదటిసారి చెప్పినప్పుడే."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె సొరుగు మూసి, నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. "నవ్వాను కదా ఆరోజు. నమ్మే నవ్వాను. కిటికీ, తుమ్ముల వరసలోనే పుర్రె మాట అన్నప్పుడు బాబాయ్ గొంతు మారింది. పదేళ్ళుగా వింటున్నాను ఆ గొంతు, నాకు తెలియదా! ఆయన బయటికి వెళ్ళగానే చర్మమూ పుర్రే పక్కపక్కన పెట్టి చూశాను. తల్లి ఒంటికి పిల్ల పళ్ళు. కళ్ళకి కట్టినట్టు కనిపిస్తోంది." "చూసి, మూత పెట్టేశాను. ఈ జాతికి పెద్దయ్యాక కూడా పళ్ళు లేతగానే ఉంటాయి, అదే దీని ప్రత్యేకత అని రాసేశాను. ఎడారికి వెళ్ళాలి పిన్నీ నేను. ఎలాగైనా వెళ్ళాలనిపించింది. బాబాయ్ రెండోసారి రాకపోతే అచ్చేయించేదాన్నే."

చెంప పగలగొడదామనిపించింది. ఇంట్లో ఒక మనిషి తిండి మానేసి చస్తుంటే, ఇక్కడ ఈ పిల్ల అన్నీ తెలిసి నోరు కట్టుకుని కూర్చుంది! "మరి ఆయన్నెందుకు అలా చంపావే?" అనేశాను, గట్టిగానే.

"అందుకే నాదని చెప్పాను. బాబాయ్‌ది పొరపాటు. నాది మోసం. అందరి ముందూ అంత మాట అనలేక, బిళ్ళలు మార్చానని చిన్నది చెప్పాను." నా మోకాళ్ళ మీద తల పెట్టేసింది. "ఆయనకి చెప్పకు పిన్నీ. ఆయన నన్ను అలా చూడలేరు. నేను ఆయన మొహం చూడలేను."

దాని తల మీద చెయ్యి వేయడానికి నాకు చాలాసేపు పట్టింది. వేశాను చివరికి. ఏం చేస్తాం!

ఇంటికి నడుస్తూ దారి పొడుగునా ఆలోచించాను. చెబితే ఆయన బరువు దిగుతుందా? ఈయన సంగతి నాకు తెలియదా! "నా వల్లే కదా ఆ పిల్ల అబద్ధమాడింది" అని ఆ పాపం కూడా తెచ్చి నెత్తిన పెట్టుకుంటారు. అప్పుడు కూతురు లాంటి పిల్లా ఉండదు, ఈయనా మిగలరు. చెప్పకపోతేనో, ఎవరూ తిట్టలేదని ఇలాగే ఎండిపోతారు.

గుమ్మంలోనే ఎదురొచ్చారు. గడ్డం మాసి, చొక్కా గుండీలు తప్పి పెట్టుకుని ఉన్నారు. "ఏమంది?" అన్నారు.

"తిట్టింది," అన్నాను.

"ఎవరిని?"

"ఇంకెవరిని, మిమ్మల్నే. నోటికొచ్చినట్టు తిట్టింది."

ఆయన గోడకి ఆనుకుని అలాగే కిందకి కూర్చున్నారు. "ఏమని?"

నేను చెప్పులు విప్పుతూ, ఆయన కళ్ళలోకి చూడకుండా చెప్పాను. "ఇన్నేళ్ళ అనుభవం ఏం తగలెట్టాడు అంది. గోడకి నియమం రాసి అంటించినవాడే తప్పితే ఇంకెవరిని నమ్మాలి అంది. తీగ లేకపోతే పని ఆపాలి గానీ దారం కడతారా అంది. చేసిందొక ఎత్తు, నెలల తరబడి దాచింది ఒక ఎత్తు అంది."

"ఇంకా?"

"బాగా దగ్గరవాడని నమ్మి నాశనమయ్యాను, మీ ఆయన్ని కొన్నాళ్ళు నాకు మొహం చూపించొద్దను అంది."

ఆయన ప్రతి మాటకీ తలూపుతూ విన్నారు. తర్వాత పైకండువాతో కళ్ళు తుడుచుకున్నారు. "న్యాయంగా తిట్టింది," అన్నారు. లేచి చేతులు కడుక్కుని వచ్చి, చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నారు. వడ్డించి నేనూ కూర్చున్నాను గానీ, నాకు ముద్ద దిగలేదు.